చదివినవాళ్ళంతా ఊరు దాటిపోతుంటే బడికి డబ్బెందుకు?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది కోనసీమలో గోదావరి పాయని ఆనుకుని ఉన్న ఊరు. ఇక్కణ్ణించి వెళ్ళి అమెరికాలో, హైదరాబాదులో, కువైట్‌లో స్థిరపడ్డవాళ్ళు తలా కొంత వేసుకుని తొమ్మిది లక్షల రూపాయలు పోగుచేశారు. "ఊరికి పనికొచ్చేది ఏదైనా చెయ్యండి" అని నలుగురితో కమిటీ వేశారు. అందులో నేనొకణ్ణి, మా బావగారు ఒకరు. హైస్కూల్లో రెండు డిజిటల్ క్లాసు గదులు పెట్టిద్దామని నేనన్నాను. ఆయన ససేమిరా అంటున్నారు. "ఈ ఊళ్ళో చదివినవాడు ఒక్కడు మిగిలాడా? మీవాడు చికాగో, మావాడు బెంగుళూరు. బీటెక్ అయిపోయి సెంటర్లో బైకుల మీద కూర్చున్నవాళ్ళు ఇంకో పదిమంది. ఏడో తరగతితో ఆపేసిన నేను రొయ్యల చెరువుల మీద పన్నెండు మందికి పని చూపిస్తున్నాను. చదువు వల్ల ఊరికేం ఒరిగింది? ఐస్ ప్లాంటు పెడదాం, లేదంటే మురుగు కాలవ పూడికన్నా తీయిద్దాం" అంటారు. మా ఎలిమెంటరీ బడిలో ఇప్పుడు నలభై మంది పిల్లలకి మించి లేరు. అందరూ కూలి పనులకి వెళ్ళేవాళ్ళ పిల్లలు, చేపల వేట మీద బతికేవాళ్ళ పిల్లలు. మా మనవలు టౌన్లో కాన్వెంటుకి బస్సెక్కుతారు. చదువు పెరిగితే దేశం ఆదాయం పెరుగుతుందని ఎప్పుడూ వింటూనే ఉన్నాం. అది నిజమైతే మా ఊళ్ళో ఎందుకు కనపడదు? డబ్బు దేనికి పెట్టమంటారు?
— ఒక పాఠకుడు, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా

సమాధానం: మీ ఇద్దరి జాబితాలోనూ లేని మూడో పని చెప్తాను. డబ్బులో పెద్ద భాగం ఆ నలభై మంది పిల్లల మీద పెట్టండి. గదుల మీద కాదు, వాళ్ళకి తప్పుల్లేకుండా చదవడం, లెక్క చెయ్యడం నేర్పే మనుషుల మీద. ఎందుకో చెప్పేముందు మీ బావగారి వైపు నుంచి మొదలుపెడతాను. ఆయన అడిగింది చాలా మంచి ప్రశ్న. పెద్దపెద్ద ఆర్థికవేత్తలు ఇదే ప్రశ్న పట్టుకుని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు.

చదువుకి పెట్టేది ఖర్చు కాదు, పెట్టుబడి అని 1960లో థియొడోర్ షుల్ట్జ్ అనే అమెరికా ఆర్థికవేత్త గట్టిగా వాదించాడు. ఆయన అసలు వ్యవసాయ ఆర్థికవేత్త, రైతుల సంగతి తెలిసినవాడు. 1979లో నోబెల్ కూడా వచ్చింది. ఆ మాట నమ్మి పేద దేశాలు చాలానే బడులు కట్టాయి, పిల్లలు బడిలో గడిపే ఏళ్ళు పెరిగాయి. తీరా లెక్క చూస్తే బడి ఏళ్ళు పెరిగినంతగా చాలా దేశాల్లో ఆదాయం పెరగలేదు. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన లాంట్ ప్రిచెట్ 2001లో ఇదే అడిగాడు: ఇంత చదువూ ఎటు పోయింది? మీ బావగారు అరుగు మీద అడిగిందీ అదే.

దూరమెందుకు, కేరళ చూడండి. అక్షరాస్యతలో దేశానికే ముందు. అయినా 1970లు, 80ల్లో అక్కడ మనిషి సగటు ఆదాయం దేశం సగటు కంటే తక్కువే. చదువుంది, ఆ చదువుకి తగిన పని ఊళ్ళో లేదు. దాంతో జనం గల్ఫ్ వెళ్ళారు. కేరళ ఆ తర్వాత బాగుపడింది, కానీ అందులో వాళ్ళు పంపిన డబ్బుది పెద్ద వాటా. అంటే చదువు ఒక్కటే ఉంటే సరిపోదు, దాన్ని వాడుకునే పని కూడా చేతికి అందేంత దూరంలో ఉండాలి. ఇంతవరకూ మీ బావగారిదే గెలుపు.

లెక్కల్లో ఇంకో చిక్కు కూడా ఉంది, అది కూడా ఆయన వైపే. దేశం ఆదాయం, అంటే జీడీపీ, అని మనం పేపర్లో చదివేది దేశం గట్టు లోపల జరిగిన ఉత్పత్తి. చికాగోలో మీ అబ్బాయి చేసే పని అమెరికా లెక్కలోకి వెళ్తుంది. అతను ఇంటికి పంపే డాలర్లు మన విదేశీ మారకానికి సాయపడతాయి గాని జీడీపీలో కలవవు. బెంగుళూరులో ఉన్న మేనల్లుడు దేశం లెక్కలో ఉంటాడు, ఊరి లెక్కలో ఉండడు. కాబట్టి ఊరి అరుగు మీద కూర్చుని చూసేవాడికి చదువు ఫలితం కనపడకపోవడంలో వింతేమీ లేదు. మీ ఊరు ఖర్చుపెట్టి పెంచింది, లాభం వేరే చోట తేలింది. (అలా వెళ్ళినవాళ్ళు లేకపోతే ఈ తొమ్మిది లక్షలూ లేవు, కమిటీ లేదు, మీ బావమరుదుల గొడవా లేదు. అది వేరే సంగతి.)

ఇప్పుడు మీ వైపు. చదువుతో పైకొచ్చిన దేశం పేరు చెప్పమంటే అందరూ దక్షిణ కొరియా అంటారు. నిజమే, కానీ అక్కడ ఏం చేశారన్నది మన దగ్గర సగమే చెప్తారు. 1945లో జపాన్ పాలన పోయేనాటికి కొరియాలో అయిదుగురు పెద్దవాళ్ళలో దాదాపు నలుగురికి చదవడం రాదు. 1949లో ఆరేళ్ళ ప్రాథమిక విద్య తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. వెంటనే యుద్ధం వచ్చింది, బళ్ళు కూలిపోయాయి. అయినా 1950లు ముగిసేసరికి దాదాపు పిల్లలందరూ బడిలో ఉన్నారు. ఎలాంటి బడి అనుకున్నారు? ఒక గదిలో 60 మందికి పైగా, పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచి. ముందు ఒకటి నుంచి ఆరు వరకు అందరికీ, ఆ తర్వాత హైస్కూళ్ళు, కాలేజీల విస్తరణ ఆ తర్వాతే. మరోపక్క భూసంస్కరణలు చేశారు, 1960ల నుంచి ఎగుమతుల కోసం ఫ్యాక్టరీలు పెట్టారు. చదవడం వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు ఆ ఫ్యాక్టరీల్లోకి వెళ్ళారు. ఫ్యాక్టరీలు రాకపోయి ఉంటే కొరియా కూడా మరో కేరళ అయ్యేది. చదువు రాకపోయి ఉంటే ఆ ఫ్యాక్టరీలు బట్టలు కుట్టడం దగ్గరే ఆగిపోయేవి, ఓడలూ కార్లూ తయారయ్యేవి కావు.

మనం ఏం చేశాం? 1951లో మన దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. అదే ఏడాది ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ పెట్టుకున్నాం. ఐఐటీలు పెట్టడం తప్పని నేననను, వాటి వల్ల వచ్చింది చాలా ఉంది. కానీ పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్న మాట 1960కి తీరాల్సింది. అది హక్కుగా అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. యాభై ఏళ్ళ ఆలస్యం. కొరియా కింద నుంచి పైకి కట్టుకుంటూ వెళ్ళింది, మనం పైన అంతస్తు వేసి కింద గోడల సంగతి తర్వాత చూద్దామన్నాం. పైన ఉన్నవాళ్ళకి అమెరికా కనపడింది, వెళ్ళారు. వాళ్ళని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

మన డెల్టా సంగతికొస్తే ఇక్కడ కథ తిరగబడి మొదలైంది. చదువు వల్ల డబ్బు రాలేదు, డబ్బు వల్ల చదువు వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలకి నీళ్ళొచ్చాయి. కరువులకీ తుపాన్లకీ అల్లాడిన నేలలో ధాన్యం మిగలడం మొదలైంది. ఆ మిగిలిన ధాన్యమే రాజమండ్రిలో, కాకినాడలో కుర్రాళ్ళ ఫీజులు కట్టింది, గదుల అద్దె కట్టింది. ఆ ధవళేశ్వరంలోనే 1874లో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లల బడి పెట్టారు. అందుకే "చదువు పెరిగితే ఆదాయం పెరుగుతుంది" అని ఎవరైనా ఒకవైపు బాణం గీసి చూపిస్తే నేను కాస్త ఆగుతాను. బాణం రెండు వైపులా ఉంటుంది.

కానీ ఆ బాణం రెండో వైపు తిరిగిన చోటు కూడా మన దగ్గరే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు. 1925 నుంచి అక్కడ వరి పరిశోధన స్థానం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు వశిష్ట, మసూరి రకాలను కలిపి చేసిన ఎంటీయూ 7029ని 1982లో విడుదల చేశారు. మనం స్వర్ణ అంటాం. అది మన సార్వా చేలకే పరిమితం కాలేదు. ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బీహార్ దాకా పాకింది, కోట్ల మంది దాని బియ్యం తింటున్నారు. ఆ శాస్త్రవేత్తల్ని చదివించడానికి, ఆ పొలాల్లో ఏళ్ళ తరబడి ప్రయోగాలు చెయ్యడానికి అయిన ఖర్చుని స్వర్ణ వల్ల పెరిగిన ధాన్యం పక్కన పెట్టి చూస్తే, చదువు దేశానికి ఏమిచ్చిందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

విత్తనం ఒక్కటే కథ కాదు. కొత్త విత్తనం వచ్చినప్పుడు దాన్ని ఎవరు ముందు వాడుకున్నారన్నది కూడా కథే. హరిత విప్లవం రోజుల్లో మన దేశంలోని రైతు కుటుంబాల లెక్కలు తీసి ఫోస్టర్, రోజెన్‌జ్వైగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1996లో ఒక సంగతి చూపించారు. కొత్త వంగడాలు బాగా పనిచేసిన ప్రాంతాల్లో ప్రాథమిక విద్య ఉన్న రైతుకి లేని రైతు కంటే లాభం బాగా ఎక్కువ వచ్చింది. కొత్త వంగడాలు అంతగా పనికిరాని చోట ఆ తేడా పెద్దగా లేదు. గమనించారా? అక్కడ తేడా తెచ్చింది డిగ్రీ కాదు, ప్రాథమిక విద్య. అది కూడా పని పద్ధతి మారుతున్నప్పుడు. తాతల నాటి పద్ధతిలోనే దమ్ము చేసి, ఊడ్చి, కోసేవాడికి అక్షరం లేకపోయినా నడిచిపోతుంది. పద్ధతి మారిన రోజున అక్షరం వచ్చినవాడిదే పైచెయ్యి.

మీ ఊళ్ళో పని పద్ధతి మారిందా లేదా? మీ బావగారి చెరువు గట్టుకే వెళ్దాం.

ఆయన ఏడో తరగతి అన్నారు కదా. ఆ రోజుల్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. శాతాలు, భిన్నాలు, వడ్డీ లెక్కలు వస్తే గాని గట్టెక్కేవాళ్ళు కాదు. ఈ రోజు ఆయన చేస్తున్న పని చూడండి. 1990ల మధ్యలో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకి చెరువులు పోయిన సంగతి ఆయనకి తెలిసే ఉంటుంది. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక పని పూర్తిగా లెక్కల పని అయిపోయింది. వల విసిరి శాంపిల్ తీస్తే 900 గ్రాముల్లో 60 రొయ్యలు తూగాయనుకోండి. ఒక్కోటి 15 గ్రాములు, అంటే కిలోకి 66, 67 కౌంటు. అది నోటితో చెప్పగలిగినవాడు కొనుగోలుదారుతో బేరం ఆడగలడు, చెప్పలేనివాడు వాళ్ళన్న రేటుకే తలూపుతాడు. మేత లెక్క ఇంకా ఖరీదైనది. నాలుగు టన్నుల పట్టుబడి వచ్చే చెరువులో కిలో రొయ్యకి 1.4 కిలోల మేత పట్టడానికీ, 1.6 కిలోలు పట్టడానికీ తేడా 800 కిలోలు. మేత కిలో 90 రూపాయలనుకుంటే ఒక్క పంటకి, ఒక్క చెరువుకి 72 వేలు. చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి, పుస్తకంలో రాసి, మర్నాడు ఎంత తగ్గించాలో చెప్పగల కుర్రాడు గట్టు మీద ఉంటే ఆ 72 వేలలో చాలా భాగం మిగులుతుంది.

భీమవరంలో ఏ ల్యాబ్ ముందైనా పొద్దున్నే నిలబడి చూడండి. మూత మీద మార్కరుతో చెరువు నంబరు రాసిన నీళ్ళ బాటిళ్ళు వరసగా ఉంటాయి. మధ్యాహ్నానికి చీటీ వస్తుంది: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), ఆల్కలినిటీ, అమ్మోనియా, విబ్రియో అనే బాక్టీరియా. అమ్మోనియా అంకె నిన్నటిదే ఉందని కుర్రాడు ఊరుకున్నాడనుకోండి. పీహెచ్ 7.8 నుంచి 8.8కి ఎక్కి ఉంటే, అదే అమ్మోనియాలో రొయ్యని చంపే భాగం కొన్ని రెట్లు పెరుగుతుంది. రెండు అంకెలు కలిపి చదవడం తెలియాలి. అది తెలియనివాడు ఫోన్ చేసి "సార్, చీటీ వచ్చిందండి" అంటాడు, అంతే. తెలిసినవాడు "పీహెచ్ పెరిగిందండి, ఈ పూట మేత ఆపమంటారా?" అంటాడు. మీ బావగారినే అడగండి. ఆ పన్నెండు మందిలో చీటీ చదవగలవాళ్ళు ఎంతమంది? ఆయన ఊళ్ళో లేని రోజున చెరువులు ఎవరి మీద వదిలి వెళ్తారు? ఆ మనిషికి జీతం ఎంత ఎక్కువ ఇస్తున్నారు? "చదువు వల్ల ఏం ఒరిగింది" అన్న ప్రశ్నకి జవాబు ఆయన జీతాల పుస్తకంలోనే ఉంటుంది.

మీ ఊళ్ళో చదివి వెళ్ళిపోయినవాళ్ళ గురించి మీరిద్దరూ వాదించుకుంటున్నారు. వాళ్ళ సంగతి అయిపోయింది. వాళ్ళ పిల్లలూ, మీ మనవలూ ఎలాగో గట్టెక్కుతారు, అమ్మానాన్నలు చూసుకుంటారు. ఇంకో పాతికేళ్ళ తర్వాత మీ ఊరి చెరువులు, చేలు, కొబ్బరి తోటలు ఎవరి చేతుల మీద నడుస్తాయి? బస్సెక్కి కాన్వెంటుకి వెళ్ళే పిల్లలు నడపరు. ఎలిమెంటరీ బడిలో ఉన్న ఆ నలభై మందే నడుపుతారు. ఊళ్ళో మిగిలేది వాళ్ళే. కమిటీలో ఎవరి పిల్లలూ ఆ బడిలో లేరు కాబట్టి ఆ బడి ఎవరి కంటికీ ఆనలేదు. కటువుగా అన్నాననుకోకండి, మీ ఉత్తరంలో మీరే రాశారు.

వాళ్ళలోనూ కొందరు వెళ్తారు. మన ఉభయ గోదావరుల నుంచి ఆడవాళ్ళు కువైట్‌కి, ఖతర్‌కి ఇంటిపనికి వెళ్ళడం కొత్త కాదు. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు ఈసీఆర్ (వలసకి ముందు తనిఖీ కావాలన్న ముద్ర) కిందకి రాదు, పాసవకపోతే వస్తుంది. అలా వచ్చినవాళ్ళకి ప్రభుత్వం అదనపు తనిఖీలు పెట్టింది, ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళని ఆ దేశాలకి ఇంటిపనికి పంపదు. రూలు వాళ్ళ రక్షణకే. కానీ చదవడం రాని మనిషికి ఆ రూలు ఎందుకుందో చెప్పేది ఏజెంటే. విజిటింగ్ వీసా చేతిలో పెట్టి "అంతా ఒకటే అమ్మా" అంటే నమ్ముతుంది. వెళ్ళడం, ఉండటం వాళ్ళ ఇష్టం. కాగితం మీద ఏముందో చదువుకుని వెళ్ళగలగడం వేరు.

ఇక బీటెక్ కుర్రాళ్ళు. వాళ్ళని చూపించి చదువునే తిట్టడం మన ఊళ్ళలో అలవాటైపోయింది. మన దేశం లెక్కల్లో ఎక్కువ చదివినవాళ్ళలోనే నిరుద్యోగం శాతం ఎక్కువ, అది నిజం. చదువు లేనివాడికి పని లేకుండా కూర్చునే స్తోమత ఉండదు, దొరికిన పనికి వెళ్తాడు. డిగ్రీ ఉన్నవాడి వెనక కొన్నాళ్ళు భరించే ఇల్లుంటుంది. దానికి తోడు డిగ్రీ ఒక టికెట్టు లాంటిదని, యజమానికి మనిషిని ఏరుకోవడానికి పనికొస్తుందని మైకేల్ స్పెన్స్ 1973లోనే చెప్పాడు. అందరి దగ్గరా అదే టికెట్టు ఉంటే దానికి విలువేం ఉంటుంది? అసలు గొడవ వేరే. ఎన్నేళ్ళు చదివారన్నది ఒకటి, ఏం వచ్చిందన్నది ఇంకొకటి. దేశాల మధ్య పోల్చినప్పుడు కూడా బడిలో గడిపిన ఏళ్ళకంటే, పరీక్ష పెడితే పిల్లలు చూపించే నైపుణ్యమే ఆదాయం పెరుగుదలతో గట్టిగా ముడిపడి ఉందని ఎరిక్ హనుషెక్, లుడ్గర్ వూస్మన్ చూపించారు. ప్రిచెట్ ప్రశ్నకి జవాబు చాలావరకు ఇదే. ఏళ్ళు పెరిగాయి, చదువు పెరగలేదు.

మన దగ్గర ఎలా ఉందో, పల్లెల్లో పిల్లలకి ఏం వచ్చో పరీక్షించి చూసే అసర్ సర్వే చెప్తుంది. 2022లో దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో వందకి 43 మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. మిగతా 57 మంది ఆరులోకి, ఏడులోకి అలాగే జరిగిపోతారు. వాళ్ళ ముందు మీరు డిజిటల్ బోర్డు పెట్టి కిరణజన్య సంయోగక్రియ వీడియో వేస్తే రంగులు చూస్తారు. అందుకే మీ డిజిటల్ గదులకి నేను ఒప్పుకోను. పెరూ దేశంలో పిల్లలకి లక్షల లాప్‌టాప్‌లు పంచి, తర్వాత పరీక్ష పెట్టి చూస్తే భాషలో, లెక్కల్లో తేడా ఏమీ కనపడలేదు. అన్నట్టు మన రాష్ట్రంలో ప్రభుత్వం ఇప్పటికే చాలా హైస్కూళ్ళకి డిజిటల్ బోర్డులు ఇచ్చింది. మీ బడికీ వచ్చి ఉంటే అది గోడ మీదుందో, అట్టపెట్టెలో ఉందో ముందు కనుక్కోండి.

ఐస్ ప్లాంటుకీ ఒప్పుకోను. తొమ్మిది లక్షలకి అది రాదన్నది ఒక కారణం. అసలు కారణం వేరు. ఐస్ అమ్ముకుంటే డబ్బొస్తుంది, కాబట్టి బ్యాంకు అప్పిస్తుంది. మీ బావగారికి తనఖా పెట్టడానికి భూమి ఉంది. మూడో తరగతి చదివే పిల్లకి చదవడం నేర్పడానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు, తనఖా పెట్టడానికి ఆ పిల్ల దగ్గర ఏమీ లేదు. వాళ్ళమ్మ దగ్గరా లేదు. లాభం రావడానికి పదిహేనేళ్ళు పడుతుంది, వచ్చినా అది పెట్టుబడి పెట్టినవాడికి రాదు. ఇలాంటి చోటుకే ఊరుమ్మడి డబ్బు వెళ్ళాలి. మురుగు కాలవ విషయంలో మాత్రం మీ బావగారి బాధ నాకు తెలుసు. 2011లో కోనసీమ రైతులు పంట వెయ్యబోమని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ముంపు కూడా ఉంది. కానీ మీ ఊరి ముక్కలో గుర్రపుడెక్క తీయిస్తే ఒక్క సీజనులో మళ్ళీ వస్తుంది, పై ఊరి నుంచి కొట్టుకొస్తుంది. అది డ్రెయిన్ల శాఖ మొత్తంగా చెయ్యాల్సిన పని. అర్జీ పెట్టండి, వెంటపడండి, ఈ డబ్బు మాత్రం అందులో పొయ్యకండి.

సరే, ఎలా చెయ్యాలి?

మీ ఊళ్ళో డిగ్రీ చదివి ఇంట్లో ఉంటున్న కోడళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇద్దర్ని తీసుకోండి. రోజుకి రెండు గంటలు, బడి వదిలాక. నెలకి చెరో ఏడు వేలు, ఏడాదిలో పది నెలలు. లక్షా నలభై వేలు అవుతుంది. కథల పుస్తకాలకి, కాగితాలకి, పిల్లలకి సాయంత్రం గుగ్గిళ్ళకి ఇంకో పాతిక వేలు. మూడేళ్ళకి అయిదు లక్షల లోపు. మూడు లక్షలు బ్యాంకులో డిపాజిట్ చేస్తే వడ్డీతో కలిపి నాలుగో ఏడూ, అయిదో ఏడూ గడుస్తాయి. అయిదేళ్ళంటే ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరే పిల్ల అయిదు పూర్తి చేసేదాకా. మధ్యలో ఆపితే మొదలుపెట్టకపోవడమే నయం.

నేర్పే తీరు ముఖ్యం. తరగతిని బట్టి కూర్చోబెట్టవద్దు, వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టండి. అక్షరాలు రానివాళ్ళు ఒక గుంపు, మాటలు చదివేవాళ్ళు ఒక గుంపు, వాక్యాలు చదివేవాళ్ళు ఒక గుంపు. నాలుగో తరగతి కుర్రాడు రెండో తరగతి పిల్లతో కూర్చోవలసి వస్తే కూర్చుంటాడు, వారం రోజులు సిగ్గుపడతాడు, తర్వాత మర్చిపోతాడు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ పద్ధతిని చాలా రాష్ట్రాల్లో నడిపింది. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం దాన్ని పరీక్షించి, పనిచేస్తుందని చూపించింది. పెద్ద సామగ్రి ఏమీ అక్కర్లేదు. బడి వరండా చాలు, వాన పడితే రామాలయం మండపం. జులై, ఆగస్టుల్లో వరదొచ్చి బడి మూతబడితే ఆ రోజులు వేసవిలో కలుపుకోండి.

ముందు హెడ్మాస్టరుగారితో, పాఠశాల యాజమాన్య కమిటీతో మాట్లాడండి. "మీరు చెప్పట్లేదు కాబట్టి మేం చెప్తాం" అన్న ధోరణి వద్దు. ఒకరో ఇద్దరో టీచర్లు అయిదు తరగతులు చూసుకుంటూ, పైనుంచి వచ్చే యాప్‌లకీ రిజిస్టర్లకీ జవాబు చెప్పుకుంటూ ఉంటారు. వాళ్ళకి ఇది సాయంగా కనపడాలి, తనిఖీలా కాదు.

ఇంకా ఒక లక్ష మిగులుతుంది. అది మీ బావగారికి వదిలెయ్యండి, ఒక షరతు మీద. చెరువులో ఆక్సిజన్ చూసే మీటరు, పీహెచ్ మీటరు, ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా కిట్లు, ఒక మైక్రోస్కోపు ఆ డబ్బులోపే వస్తాయి. అవి హైస్కూల్లో పెట్టించండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు సైన్సు మాస్టారితో కలిసి వారానికోసారి ఊరి చెరువుల నీళ్ళు పరీక్ష చేసి గోడ మీద రాస్తారు. ఇది భీమవరం ల్యాబ్‌కి పోటీ కాదు, ఆ చీటీ చదవడం నేర్చుకోవడానికి. సెంటర్లో బైకు మీద కూర్చునే బీటెక్ కుర్రాళ్ళలో ఒకణ్ణి దీనికి పిలవండి. సిగ్గుపడి మొదట రాడు. మీ బావగారు పిలిస్తే వస్తాడు.

ఒక ఇబ్బంది ముందే చెప్తాను. డబ్బిచ్చినవాళ్ళు శిలాఫలకం అడుగుతారు. గది కడితే గోడకి పేరు చెక్కించవచ్చు, చదవడం నేర్చుకున్న పిల్ల మీద చెక్కించలేం. "ఏం కట్టారు?" అని వాట్సాప్ గ్రూపులో అడిగితే మీ దగ్గర ఫోటో ఉండదు. దానికి ఒకటే దారి. సంక్రాంతికి వాళ్ళంతా ఊరొస్తారు కదా. బడిలో కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతికి ఒక పేరా ఉన్న కాగితం ఇవ్వండి, పిల్లల్ని పిలిచి వాళ్ళ ముందే చదివించండి. పోయిన జూన్‌లో ఆ పిల్ల ఎక్కడుందో, ఇప్పుడెక్కడుందో పక్కనే రాసి ఉండాలి.

అందుకే గురువుల్ని పెట్టకముందే, పైసా ఖర్చు పెట్టకముందే, నలభై మందినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అక్షరం, మాట, వాక్యం, పేరా, రెండంకెల తీసివేత, భాగహారం ఎంతవరకు వచ్చో ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఆ పుస్తకం, జమాఖర్చులూ మీ బావగారి దగ్గర ఉంచండి. లెక్కల్లో ఆయన గట్టివారు, పైగా ఈ పని మీద ఆయనకి నమ్మకం లేదు కాబట్టి అంకెలు పెంచి రాయరు. ఆర్నెల్లకోసారి అదే పరీక్ష మళ్ళీ పెట్టండి. రెండు సార్లు చూశాక పిల్లలు ముందుకి జరగకపోతే పద్ధతి మార్చండి, లేదా మనుషుల్ని మార్చండి. అప్పటికీ జరగకపోతే మిగిలిన డబ్బు ఏం చెయ్యాలో మీ బావగారు చెప్పినట్టు వినండి, నాకు అభ్యంతరం లేదు.